ముందు ఒక పెట్టె గీయండి

వందల బీరువాలు చేసిన చేతికి కూడా కాగితం మీద ఒక్క పెట్టె లొంగదు. నడివయసులో బొమ్మలు నేర్చుకోవాలని కూర్చున్న వారికి అడ్డుపడేది తిరగని చెయ్యి కాదు, అప్పటికే బాగా తెలిసిన సంగతి.

విజయవాడ సత్యనారాయణపురంలో ఓ పాత పెంకుటిల్లు. సాయంత్రం ఆరున్నర. వరండాలో చాప మీద ఏడుగురు ఇంటర్ విద్యార్థులు ఒళ్లో అట్టలు పెట్టుకుని బొమ్మలు గీస్తున్నారు. ఆర్కిటెక్చర్ కోర్సుల ప్రవేశ పరీక్ష 'నాటా'లో డ్రాయింగ్ కూడా ఉంటుంది కనుక వారికది తప్పని సాధన. వారి మధ్య, చెవి మీద పెన్సిలు పెట్టుకుని, 52 ఏళ్ల వడ్రంగి ఒకరు. స్టూలు మీదున్న చెప్పుల అట్టపెట్టెను చూస్తూ అరగంటగా దాన్నే గీస్తున్నారు. ఇప్పటికి నాలుగు కాగితాలు నలిపి పక్కన పడేశారు. ఐదో కాగితంలో పెట్టె వెనకంచు ముందంచు కంటే పొడవుగా వచ్చింది.

"అంకుల్, మీ పెట్టె వెనక్కి వెళ్లడం లేదు. మన మీదికి వస్తోంది" అంది పక్కనున్న అమ్మాయి.

ఆయన నవ్వేశారు. అదే పెట్టెను టేకుతో చేసివ్వమంటే ఆయనకు ఒక పూట పని. 14 ఏళ్ల వయసులో తండ్రి దగ్గర ఉలి పట్టారు. ఈ 38 ఏళ్లలో చేసిన బీరువాలను, మంచాలను, ద్వారబంధాలను లెక్కపెట్టడం ఎప్పుడో మానేశారు. పేరు రాయొద్దన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. మేస్త్రి ఈ వయసులో బొమ్మలు దిద్దుకుంటున్నాడని తెలిస్తే పార్టీలు నవ్వుకుంటారని జంకు.

ఇక్కడికి రావాల్సిన అవసరం ఏడాది క్రితం పడింది. తాడేపల్లిలో ఓ కొత్త ఫ్లాటుకు వార్డ్‌రోబ్‌లు, టీవీ యూనిట్, వంటగది అరలు చేసే పని ఆయనకు దాదాపు ఖాయమైంది. కొలతలు తీసుకున్నారు. ప్లైవుడ్ లెక్క రాసిచ్చారు. చివర్లో ఇంటావిడ ఒక్క మాట అడిగారు: "అంతా అయ్యాక ఎలా ఉంటుందో ఒకసారి గీసి చూపిస్తారా మేస్త్రి గారూ?" ఆయన తనకు తెలిసిన పద్ధతిలోనే గీశారు. ఒక దీర్ఘచతురస్రం, అందులో అడ్డంగా అరలు, నిలువుగా తలుపులు. దాన్ని చూసి వడ్రంగి మరో వడ్రంగికి పని చెప్పగలడు. ఆమెకు మాత్రం గది కనిపించలేదు. వారం తిరిగేసరికి ఆ పని, ధర ఎక్కువైనా సరే, కంప్యూటర్‌లో రంగుల బొమ్మ చూపించిన ఓ షోరూముకు వెళ్లిపోయింది. ఆ తర్వాత మరో రెండు పనులు కూడా అలాగే పోయాయి. పనితనంలో ఓడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదంటారాయన.

పెట్టె దగ్గర బోల్తా పడేది ఆయనొక్కరే కాదు. పదవీ విరమణ తర్వాత స్కెచ్‌బుక్ కొనుక్కున్న బ్యాంకు అధికారి, పిల్లలు కాలేజీకి వెళ్లాక రంగులు ముందేసుకున్న గృహిణి, యానిమేషన్ వైపు మారాలని చూస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు - ఎవరు మొదలుపెట్టినా గురువులు ముందుగా ఇచ్చేది పెట్టెనే. కారణం సులువైనదే. బస్సు, భవనం, కుర్చీ, పుస్తకం అన్నీ పెట్టెలే. మనిషి తలనూ మొండేన్నీ కూడా ముందు పెట్టెలుగా ఊహించుకుని ఆ తర్వాత గుండ్రం చేయడం బొమ్మలవాళ్ల పాత అలవాటు. పెట్టె కుదిరితే వస్తువు ఎటు తిరిగి ఉందో, ఎంత దూరంలో ఉందో చెప్పడం వచ్చినట్టే. ఆరు ముఖాలు, ఎనిమిది మూలలు, పన్నెండు అంచులు. ఎటునుంచి చూసినా ఒకేసారి మూడు ముఖాలకు మించి కనబడవు. ఇంత చిన్న వస్తువు పెద్దవాళ్లను ఎందుకింత ఇబ్బంది పెడుతుంది?

తెలిసిందే అడ్డు

కన్ను చూస్తుంది, చెయ్యి గీస్తుంది, బొమ్మ కుదరలేదంటే చెయ్యి తిరగలేదన్నమాట. ఎక్కువమంది నమ్మేది ఇదే. మనస్తత్వ శాస్త్రవేత్తల పరిశోధనలు మాత్రం వేరే సంగతి చెబుతున్నాయి. కోహెన్, బెనెట్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో, చూసినదాన్ని చూసినట్టు జనం ఎందుకు గీయలేరన్న ప్రశ్నను ముక్కలుగా విడదీసి పరీక్షించారు. చేతి నైపుణ్యం లోపించడం వల్ల వచ్చే తప్పు స్వల్పమేనని తేలింది. అసలు తప్పు వస్తువును చూడటంలోనే ఉందని వారు నిర్ధారణకు వచ్చారు.

చూడటంలో తప్పేమిటి? దీనికి జవాబు అంతకు చాలా ముందే, 1931లో, రాబర్ట్ థౌలెస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇచ్చారు. గుండ్రటి బిళ్లను ఏటవాలుగా కనిపించేలా పెట్టి, అది ఏ ఆకారంలో కనబడుతోందో చెప్పమన్నారు. కంటికి అందే ఆకారం బాగా నొక్కుకుపోయిన కోడిగుడ్డులా ఉంటుంది. కానీ జనం ఎంచుకున్నది దానికీ నిజమైన గుండ్రానికీ మధ్యస్థంగా ఉండే ఆకారాన్ని. బిళ్ల గుండ్రం అన్న సంగతి మనసుకు తెలుసు. ఆ తెలివిడి చూపును నిజం వైపు లాగుతుంది.

ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ఒక అరచేతిని కంటికి జానెడు దూరంలో, రెండో దాన్ని రెండు జానల దూరంలో పెట్టి చూడండి. కంటిలో పడే బొమ్మను బట్టి రెండోది మొదటిదానిలో సగమే ఉండాలి. అయినా రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నట్టే అనిపిస్తాయి. ఇది లోపం కాదు, వరం. లేకపోతే ఎదురుగా నడిచొస్తున్న మనిషి అడుగడుక్కీ పెరిగిపోతున్నట్టు కనబడి భయపెట్టేవాడు. బతకడానికి పనికొచ్చే ఈ సదుపాయమే బొమ్మ గీసేటప్పుడు అడ్డం తిరుగుతుంది.

పిల్లలు తమకు తెలిసినదాన్నే గీస్తారని ఫ్రెంచి పండితుడు జార్జ్ హెన్రీ లుకే 1927లో పిల్లల బొమ్మల మీద రాసిన పుస్తకంలో వివరించారు. బల్లకు నాలుగు కాళ్లుంటాయి కనుక నాలుగూ కనబడేలా గీస్తారు. హైస్కూల్లో లెక్కలు, సైన్సు బరువెక్కగానే చాలామంది డ్రాయింగ్ వదిలేస్తారు. చెయ్యి ఆగిపోయిన చోటే గీత కూడా ఆగిపోతుంది. నలభై ఏళ్లకు మళ్లీ పెన్సిలు పట్టిన మనిషి పదేళ్ల పిల్లాడిలా గీసి, తనకు కళ అబ్బలేదని తేల్చేసుకుంటాడు. అమెరికా ఉపాధ్యాయిని బెటీ ఎడ్వర్డ్స్ 1979లో రాసిన పుస్తకం ప్రపంచమంతటా అమ్ముడుపోవడానికి కారణం ఈ నిరాశే. మెదడు కుడి, ఎడమ భాగాల గురించి ఆమె చెప్పిన సిద్ధాంతాన్ని ఇప్పటి నాడీ శాస్త్రం యథాతథంగా అంగీకరించడం లేదు. కానీ బొమ్మను తలకిందులుగా పెట్టి చూస్తూ గీయడం వంటి ఆమె అభ్యాసాలు నేటికీ నడుస్తున్నాయి. తలకిందులైతే అది కుర్చీ అన్న సంగతి మనసు కాసేపు మరిచిపోతుంది. గీతలు గీతల్లా కనబడతాయి.

సత్యనారాయణపురం వరండాలో దీన్ని నిరూపించింది ఒక టేపు. డ్రాయింగ్ మాస్టారు ఒకరోజు రెండు బల్లల బొమ్మ ముందు పెట్టారు. అమెరికా శాస్త్రవేత్త రోజర్ షెపర్డ్ 1990లో ప్రచురించిన బొమ్మ అది. ఒక బల్ల సన్నగా పొడవుగా వెనక్కి సాగినట్టు, రెండోది పొట్టిగా వెడల్పుగా ఉన్నట్టు కనబడుతుంది. రెండు బల్లల పైచెక్కలూ ఒకే ఆకారం, ఒకే కొలత అన్నారు మాస్టారు. వడ్రంగి ఒప్పుకోలేదు. 38 ఏళ్లుగా బల్లలు కొలుస్తున్న మనిషి. జేబులోంచి టేపు తీసి కాగితం మీద పెట్టారు. పొడవు సరిపోయింది. వెడల్పూ సరిపోయింది. మళ్లీ కొలిచారు. టేపు మారలేదు, ఆయన కన్నూ మారలేదు. కొలిచాక కూడా ఒకటి పొడవుగా, ఒకటి పొట్టిగానే కనబడింది.

270, 360

మాస్టారి వయసు 68. ప్రభుత్వ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. వడ్రంగి చేరిన మొదటి వారంలోనే ఆయన ఒక మాట చెప్పారు: "మేస్త్రి గారూ, మీ మూలమట్టాన్ని వాకిట్లో చెప్పుల దగ్గర వదిలి రండి."

అందులో వెటకారం లేదు. వడ్రంగికి మూల అంటే 90 డిగ్రీలు. మూలమట్టం ఆనించి చూసి, సందు కనబడితే మళ్లీ చిత్రిక పట్టాల్సిందే. అందుకే ఆయన కాగితం మీద కూడా ప్రతి మూలనూ 90 డిగ్రీలకు లాగుతున్నారు. మాస్టారు అట్టపెట్టె మూలను ఆయన వైపు తిప్పి, ఆ మూల దగ్గర మూడు ముఖాలు కలుస్తున్నాయి కదా, ఒక్కోటి ఎన్ని డిగ్రీలు అని అడిగారు. తొంభై. మూడూ కలిపితే? 270. మరి కాగితం మీద ఒక చుక్క చుట్టూ ఎన్ని డిగ్రీలు ఉంటాయి? 360.

వడ్రంగి కాసేపు ఏమీ మాట్లాడలేదు. మిగిలిన 90 డిగ్రీలు ఎక్కడికి పోవాలి? ఆ మూడు కోణాలే పంచుకోవాలి. అంటే నిజంగా 90 డిగ్రీలున్న మూలను కాగితం మీద అంతకంటే వెడల్పుగా గీస్తేనే 90 డిగ్రీలుగా కనబడుతుంది. మూడూ నిక్కచ్చిగా గీద్దామంటే కాగితం ఒప్పుకోదు. పెట్టె రాకపోవడం తన చేతకానితనం కాదనీ, అందులో లెక్క ఉందనీ తెలిసిన ఆ సాయంత్రం తనకు ధైర్యం వచ్చిందంటారాయన.

మిగతా సూత్రాలు కూడా అలాగే వచ్చాయి. మొదటిది కంటిమట్టం. చూసేవాడి కళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో ముందుగా తేల్చుకోవాలి. దానికి కింద ఉన్న పెట్టెకు పైమూత కనబడుతుంది. దానికి పైనున్న అటకకు అడుగు కనబడుతుంది. నిలబడి చూస్తే కనిపించే మంచం పరుపు, నేల మీద కూర్చుని చూస్తే సన్నటి పట్టీ అయిపోతుంది. మంచం మారలేదు, కన్ను దిగింది.

రెండోది, ఒకే దిక్కుగా వెనక్కి వెళ్లే గీతలన్నీ ఒకే చోటికి నడుస్తాయి. కిలోమీటరుకు పైగా పొడవున్న ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి అవతలి ఒడ్డుకేసి చూస్తే, రెండు వైపులా పిట్టగోడలు దగ్గరవుతూ పోతాయి. సమతలంగా ఉన్న గీతలైతే అవి కలిసే చోటు సరిగ్గా కంటిమట్టం మీదే ఉంటుంది. దాన్నే వ్యానిషింగ్ పాయింట్ అంటారు. కంటిమట్టానికి పైనున్న గీతలు దాని కోసం కిందికి దిగుతాయి, కిందనున్నవి పైకి ఎక్కుతాయి. పెట్టెను మూలవాటంగా పెడితే ఇలాంటి చోట్లు రెండు, కుడికొకటి, ఎడమకొకటి. వాటిని దగ్గరగా పెట్టుకుంటే పెట్టె ముక్కు పొడుచుకొచ్చినట్టు వికారంగా తయారవుతుంది. మామూలు బీరువా మామూలుగా కనబడాలంటే ఆ చోట్లు కాగితం దాటి ఎక్కడో ఉండాలి. కనబడని చోటికి గురి పెట్టి గీత గీయడమే ఇందులో అసలు కష్టం.

అద్దంలో కనిపించిన గుడి

ఇంత లెక్క మొదట ఎవరికి తట్టింది? 15వ శతాబ్దం ఆరంభంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఫిలిప్పో బ్రునెలెస్కి చేసిన ప్రదర్శనతో ఈ కథ మొదలవుతుంది. తర్వాతి కాలంలో ఆ నగరపు పెద్ద చర్చికి గుమ్మటం కట్టి పేరు తెచ్చుకున్న ఆయన, కంసాలి పనిలో శిక్షణ పొందినవాడు. ఊరి నడిబొడ్డున ఉన్న బాప్టిస్టరీ భవనాన్ని చిన్న చెక్క పలక మీద చిత్రించి, పలకకు ఒక రంధ్రం పెట్టాడు. చూసేవాడు పలక వెనక నుంచి ఆ రంధ్రానికి కన్ను ఆనించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో బొమ్మను చూడాలి. ఆకాశం ఉండాల్సిన చోట రంగు వేయకుండా మెరుగుపెట్టిన వెండిని అతికించడంతో అందులో నిజమైన మబ్బులు కదిలేవట. ఆ పలక ఇప్పుడు లేదు. ఆయన జీవితచరిత్ర రాసిన మానెట్టి కథనం మిగిలింది.

దాన్ని సూత్రాలుగా రాసిపెట్టినవాడు లియోన్ బాటిస్టా ఆల్బెర్టి. 1435 నాటి ఆయన గ్రంథం చిత్రాన్ని ఓ కిటికీగా భావించమంది. వెలుతురు వస్తువుల నుంచి కంటికి చేరుతుందన్న అవగాహన ఆ లెక్కకు పునాది. దాన్ని గణితంతో నిలబెట్టింది 11వ శతాబ్దం తొలినాళ్లలో కైరోలో పనిచేసిన, బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్. ఆయన అరబ్బీ గ్రంథం లాటిన్‌లోకి వెళ్లి యూరప్ పండితులకు పాఠ్యమైంది. 1525లో జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ తన పుస్తకంలో, చట్రం గుండా తాడు లాగి ఒక్కో బిందువునూ గుర్తించే పద్ధతిని బొమ్మ వేసి మరీ చూపించారు. ఆ మహానుభావులకే తాడూ చట్రమూ అవసరమయ్యాయంటే, చెప్పుల పెట్టె ముందు కూర్చున్నవారు సిగ్గుపడాల్సిన పనిలేదు.

వడ్రంగిని కట్టిపడేసింది ఇవేవీ కావు. మాస్టారు ఫోన్‌లో చూపించిన ఒక గది ఫోటో. ఉర్బినో పాలకుడు ఫెడెరిగో కోసం గుబియో పట్టణంలోని భవనంలో 1478-82 ప్రాంతంలో తయారైన చదువుల గది అది. ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. గోడ నిండా అలమరాలు, సగం తెరిచిన జాలీ తలుపులు, లోపల పుస్తకాలు, వాద్యాలు. నిజానికి అక్కడ ఒక్క అలమరా లేదు, ఒక్క తలుపూ లేదు. అంతా చదునైన చెక్క. వాల్‌నట్, ఓక్, బీచ్, రోజ్‌వుడ్ వంటి కలపను వేల ముక్కలుగా కోసి, రంగుకు రంగు పొదిగి, వడ్రంగులే చేసిన మాయ. ఆయన ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశారు. ఇది చేసింది మావాళ్లేనా అని రెండుసార్లు అడిగారు.

మనవాళ్లు ఎందుకు గీయలేదు?

పర్‌స్పెక్టివ్ పాఠం విన్న ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. చేర్యాల నకాషీ పటాల్లో దూరం లేదు. ఎర్రటి నేపథ్యం మీద కథ వరసగా నడుస్తుంది. మొగల్ చిత్రాల్లో కోటలు, డాబాలు పైనుంచి చూసినట్టుంటాయి. వెనక్కి వెళ్లే గీతలు కలవకుండా సమాంతరంగానే సాగుతాయి. అది తెలియనితనం అనుకుంటే పొరపాటు. 1580లో జెసూట్ మతాచార్యులు ఫతేపూర్ సిక్రీలోని అక్బర్ దర్బారుకు బొమ్మలున్న బైబిలు తెచ్చాక, ఆస్థాన చిత్రకారులు యూరప్ పద్ధతిని శ్రద్ధగా పరిశీలించారు. దూరపు ఊళ్లను చిన్నవిగా, మసకగా వేయడం వంటి తమకు కావలసిన ఉపాయాలు తీసుకున్నారు. కోట లోపల ఏ అంతఃపురంలో ఏం జరుగుతోందో అన్నీ ఒకేసారి చూపాలనుకున్నవారికి, ఒక్క మనిషి ఒక్క కంటితో ఒక్క చోట నిలబడి చూసే పద్ధతి ఇరుకుగా తోచడం సహజం.

ఆ పద్ధతి మన దేశంలో పాఠంగా మారింది బ్రిటిష్ పాలనలోనే. మద్రాసులో 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన కళాపాఠశాల, తర్వాత కలకత్తా(1854), బొంబాయి(1857) పాఠశాలలు దాన్ని నేర్పాయి. 20వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా పాఠశాలలోనే ఇ.బి. హావెల్, అవనీంద్రనాథ్ ఠాగూర్ ఈ దిగుమతి శిక్షణను ప్రశ్నించి భారతీయ సంప్రదాయం వైపు తిప్పారు. రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావు (1897-1925) బొంబాయి జేజే పాఠశాలలో పాశ్చాత్య శిక్షణ పొంది, తిరిగొచ్చి తెలుగు జీవితాన్ని చిత్రించారు. 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన ఆయనకు నేర్చుకున్న విద్య బరువు కాలేదు.

కలవని గీతల పద్ధతికి ఇంజనీరింగ్‌లోనూ గౌరవమే. బీటెక్ మొదటి ఏడాది విద్యార్థులను హడలెత్తించే ఐసోమెట్రిక్ బొమ్మ అదే కోవకు చెందింది. కేంబ్రిడ్జి ప్రొఫెసర్ విలియం ఫారిష్ 1822లో దాన్ని వివరించారు. రెండు వైపులా 30 డిగ్రీల వాలులో గీతలు సమాంతరంగా వెళతాయి, దూరంతో పాటు కుదించుకుపోవు. కనుక అంచుల వెంబడి స్కేలు పెట్టి కొలత తీసుకోవచ్చు. వడ్రంగి ఈ తేడాను ఒక్క మాటలో తేల్చేశారు. చెక్క కోసే కుర్రాడికిచ్చే బొమ్మ ఐసోమెట్రిక్‌లో ఉండాలి, ఇంటావిడకు చూపే బొమ్మ పర్‌స్పెక్టివ్‌లో ఉండాలి. ఒకటి వస్తువు గురించి చెబుతుంది. రెండోది ఆ వస్తువు ముందు నిలబడ్డ మనిషికి ఏం కనబడుతుందో చెబుతుంది.

ఎర్ర పెన్ను

సూత్రాలు తెలియడానికి నెల చాలు. చేతికి రావడానికి చాలదు. ఇంటర్నెట్‌లో బొమ్మలు నేర్పేవారిలో ప్రచారంలో ఉన్న ఒక సాధనను మాస్టారు తన శిష్యులందరితో చేయిస్తారు. 250 పెట్టెలు గీయాలి. స్కేలు వాడకూడదు. పెన్నుతోనే గీయాలి, రబ్బరుతో పని లేదు. ముందు దగ్గరి మూల, దాని నుంచి మూడు వైపులా మూడు గీతలు. తర్వాత మిగిలినవి. గీత గీసే ముందు పెన్నును కాగితానికి ఆనించకుండా రెండు మూడు సార్లు గాలిలో ఆడించాలి. మణికట్టు కాదు, భుజం కదలాలి. ఆపై ఒక్క ఊపులో గీయాలి. వంకరపోతే పోయింది. దాని మీదే మళ్లీ మళ్లీ గీకకూడదు.

పేజీ నిండాక వచ్చేది ఎర్ర పెన్ను వంతు. ప్రతి పెట్టెలోనూ ఒకే దిక్కుగా వెళ్లే నాలుగేసి గీతలను, మన నుంచి దూరంగా పోయే వైపు, ఎర్ర గీతలతో పొడిగించాలి. నాలుగూ ఒక చోటికి దగ్గరవుతుంటే పెట్టె సరిగ్గా వచ్చినట్టు. రెండు జతలుగా విడిపోయినా, దూరం జరిగినా తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది. మూడు దిక్కులు, దిక్కుకు నాలుగు గీతలు. 250 పెట్టెలకు మూడు వేల గీతలు, మళ్లీ మూడు వేల ఎర్ర గీతలు.

పెద్దవాళ్లు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పిల్లలకు తప్పు దిద్దించుకోవడం రోజూ ఉండే పనే. ఆఫీసులో పదిమందికి పని చెప్పే మనిషికి, వంకర పెట్టెను తానే గీసి, తానే ఎర్ర పెన్నుతో బయటపెట్టుకోవడం మింగుడుపడదు. మూడో వారానికి తీరిక లేదంటారు. వడ్రంగి కూడా 40వ పెట్టె దగ్గర పది రోజులు రాలేదు. మళ్లీ ఆయనను రప్పించింది సొంత వృత్తే. తండ్రి తనకు తొలి ఏడాదంతా చిత్రిక పట్టడం తప్ప మరే పనీ ఇవ్వలేదు. దుకాణంలోని కుర్రాళ్లకు ఆయనా అదే చేశారు. విసుగొస్తోందన్న కుర్రాడికి ఇన్నేళ్లుగా చెబుతున్న మాట తనకు మాత్రం వర్తించదా అనిపించిందట.

90వ పెట్టె ప్రాంతంలో వెనకంచు పెరిగిపోవడం ఆగింది. 140 దాటాక ఎర్ర గీతలు ఒకటి తప్ప మిగతావి ఒక దారికి వచ్చాయి. ఆ ఒక్కటీ ఎప్పుడూ ఒకటే: అన్నింటికంటే చివర గీసేది, వెనక మూలకు చేరేది. అప్పటికి చేసిన చిన్నచిన్న తప్పులన్నీ అక్కడ పోగుపడతాయి. బీరువా బిగించేటప్పుడు కూడా చివరి తలుపు దగ్గరే తేడా బయటపడుతుందని ఆయనకు బాగా తెలుసు.

ఇప్పుడు ఆయన లాంగ్ నోట్‌బుక్‌లో 212 పెట్టెలున్నాయి. కొన్నింటికి కాళ్లు మొలిచాయి, కొన్నింటికి తలుపులు వచ్చాయి. ఒకదానికి చక్రాలు తగిలించి ఎడ్లబండి చేశారు, మనవరాలి కోరిక అది. కంప్యూటర్ బొమ్మలతో పోటీ పడగలనని ఆయన అనుకోవడం లేదు. రంగు, వెలుతురు, లామినేట్ మెరుపు అన్నీ అందులో ఉంటాయి. కానీ ఆ బొమ్మ తయారై వచ్చేసరికి ఇంటివాళ్లు చెప్పాల్సిన మాటలు సగం మరిచిపోతారని ఆయన లెక్క.

గత నెల గొల్లపూడిలో ఒక ఇంటికి కొలతలకు వెళ్లారు. దంపతులిద్దరూ గది మధ్యలో నిలబడి ఉన్నారు. ఆయన మిగిలిన ప్లైవుడ్ ముక్కను మోకాలి మీద పెట్టుకుని, చెవి మీది పెన్సిలు తీసి, ముందు కంటిమట్టం గీత లాగారు. ఆవిడ పొట్టి. అందుకే ఆ గీతను ఆవిడ కళ్ల ఎత్తులో పెట్టారు. తర్వాత వార్డ్‌రోబ్, పైన అటక, పక్కన బల్ల. ఐదు నిమిషాలు పట్టింది. ఆవిడ దగ్గరికొచ్చి చూశారు. "ఈ పై అర నాకు అందదు కదండీ, ఒక అడుగు దించితే?" అని అడిగారు.

చెక్క కోయకముందే, అట్ట మీదే, అర కిందికి దిగింది. పని ఖాయమవుతుందో లేదో ఇంకా తేలలేదు. ఆ ప్లైవుడ్ ముక్కను ఆయన సాయంత్రం మాస్టారి దగ్గరికి తీసుకెళ్లారు. బాగుందన్నారు మాస్టారు. వడ్రంగి మాత్రం జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, అటక అడుగు గీతను పొడిగించి చూపించారు. అది మిగతా వాటితో కలవడం లేదు. ఇంకొంచెం కిందికి వాలాల్సింది.